పెళ్లయినవాడి కాలు

బీరయ్య అనుమానపు మనిషి. ఈ మాట అతని వెనక అనుకునేది కాదు, ఎదుటే అనేవాళ్లు, అతనూ కాదనేవాడు కాదు. "తోడేలును నమ్మనోడే మందను కాస్తడు" అని మీసం దువ్వేవాడు. సరే, తోడేలును నమ్మకపోతే మానె! పెళ్లి పంక్తిలో వడ్డించిన బూరెను కూడా విరిచి, లోపల చూసి తినేవాడికి ఏం చెప్తాం? పెన్‌పహాడ్ పక్క పల్లెలో కురుమవాడ అంతా అతని సంగతులు చెప్పుకుని నవ్వుకునేది. చక్కని గొర్రెల మంద ఉంది. జంగమ్మ లాంటి ఓర్పుగల పెళ్లాం ఉంది. తల్లిలా పెంచిన అక్కను విడిచి ఉండలేక ఆమె వెంటే వచ్చేసిన బావమరిది మట్టయ్య ఉన్నాడు. దేవుడు ఇంత ఇస్తే, "ఎందుకిచ్చిండు, దీని ఎనక ఏమున్నది?" అని అడిగే రకం బీరయ్య.

ఆ రోజులు కూడా అట్లాగే ఏడ్చాయి. రజాకార్ల గోల ముగిసి మిలిటరీ వచ్చిన కాలం. పొద్దున వచ్చినవాడు "ఎవరికి అన్నం పెట్టినవ్?" అని అడిగేవాడు. మాపటికి వచ్చినవాడు "పొద్దున ఎవరికి ఏం చెప్పినవ్?" అని అడిగేవాడు. అన్నదమ్ములు కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు. అటువంటి కాలంలో బీరయ్య అనుమానం కొంతమందికి తెలివిలా కూడా కనిపించింది.

ఆ చలికాలంలోనే అతని కాలు పోయింది. మిర్యాలగూడ నుంచి వేరుశనగ బస్తాల బండి మీద వస్తూ, బండి ఆగకముందే దూకబోయి జారాడు. చక్రం ఎడమ కాలు మీదుగా పోయింది. ఎముకలు కట్టేవాడు వెదురుబద్దలు పెట్టి కట్టాడు, మరీ బిగించి కట్టాడు. కాలు వాచింది, నల్లబడింది, వాసన కొట్టింది. జంగమ్మ మందకు కాపలా ఉండిపోతే, మట్టయ్య ఒక్కడే బండి కట్టుకుని బావను సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాడు. అప్పటికే బీరయ్యకు సోయి లేదు. మోకాలి పైదాకా కోసేశారు. సోయి వచ్చి చూసుకుంటే దుప్పటి కింద ఒక పక్క ఎత్తుగా ఉంది, ఒక పక్క చదునుగా ఉంది.

"నా కాలేదిరా?" అన్నాడు.

"పూడ్సిన బావా" అన్నాడు మట్టయ్య, ముఖం అటు తిప్పుకుని.

ముఖం ఎందుకు తిప్పుకున్నట్టు? కన్నీళ్లు కనబడతాయని అయి ఉండొచ్చు. మనమైతే అట్లాగే అనుకుంటాం. బీరయ్య అట్లా అనుకోలేదు.

ఇంటికొచ్చాక గాయం బాగానే మానింది. తోలు మూసుకుంది, చీము ఆగింది. హమ్మయ్య అనుకుంటుండగా అసలు కథ మొదలైంది. లేని కాలు నొయ్యడం మొదలుపెట్టింది! పాదం లేదు, కానీ మడమ పోటు పెడుతుంది. వేళ్లు లేవు, కానీ ఎవరో మెలితిప్పి వంచినట్టు ముడుచుకుని ఉన్నాయి, ఎంత చాపుదామన్నా చాపరావు. చిటికెన వేలిని చీమలు కుడుతున్నాయి. గోక్కుందామని చెయ్యి చాపితే చేతికి మంచం పట్టె తగులుతుంది. గోక్కోవడానికి వేలే లేనివాడి బాధ పగవాడికి కూడా వద్దు తల్లీ! నొప్పి వచ్చినప్పుడు బీరయ్య మంచం కోడు పట్టుకుని, పళ్లు బిగించి, ఒళ్లంతా చెమటతో తడిసిపోయేవాడు.

జంగమ్మ చెయ్యని వైద్యం లేదు. ఇసుక వేయించి కాపడం పెట్టింది. ఆముదం మర్దనా చేసింది. గొంగడి ముక్కతో మొండికాలు చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బీరప్పకు మొక్కింది, మంత్రగాడితో తాయెత్తు కట్టించింది. ఏదీ రెండు పూటలు నిలవలేదు.

ఊళ్లోవాళ్లు మొదట జాలిపడ్డారు. తర్వాత పెదవి విరిచారు. "లేని కాలు నొచ్చుడేంది? పని ఎగ్గొట్టుడు కాకపోతే" అన్నవాళ్లూ ఉన్నారు. బీరయ్య పెద్దమ్మ పోచమ్మ మాత్రం అట్లా అనలేదు. ముసలిది మంచం పక్కన చతికిలబడి, గొంతు తగ్గించి అడిగింది.

"బిడ్డా, నీ కాలు ఎట్ల పూడ్సిండ్రు? సక్కగ సాపి పూడ్సిండ్రా, ముడిసి పెట్టిండ్రా? ఒంటిల ముక్కను సరిగ పెట్టకపోతే అది అట్లనే నొస్తదంటరు. చీమల పుట్ట మీద గిట్ల పెట్టిండ్రేమో సూడు."

ఇంకేం కావాలి! అనుమానం ఉన్నవాడికి ముసలమ్మ నిచ్చెన వేసి ఇచ్చింది. బీరయ్యకు అంతా తేటతెల్లమైపోయింది. వేళ్లు ముడిచి పెట్టారు, అందుకే చాపరావు. పుట్ట మీద పెట్టారు, అందుకే చీమలు. పెట్టినవాడు ఎవడు? మట్టయ్య.

సాయంత్రం మందతో వచ్చిన మట్టయ్యను గుమ్మంలోనే పట్టుకున్నాడు. "కాలు ఏడ పూడ్సినవ్‌రా?"

"సూర్యాపేట బాటల, రేగుచెట్టు కింద" అన్నాడు మట్టయ్య.

కొన్నాళ్లకు ఏదో మాటలో మాటగా మళ్లీ అడిగాడు. "వాగొడ్డున బావా" అన్నాడు మట్టయ్య. అనేసి నాలుక కరుచుకున్నాడు. "అదే, వాగొడ్డున ఉన్న రేగుచెట్టు కింద" అని అతుకు వేశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది అతని వాలకం. ఆనాటి నుంచి బీరయ్య బావమరిది పెట్టిన చెంబులో నీళ్లు తాగలేదు.

తర్వాత అనుమానానికి కాళ్లొచ్చాయి. తనకు పోయిన కాలు దానికి వచ్చిందేమో! మంద ఇప్పుడు ఎవరి వెనక నడుస్తోంది? మట్టయ్య వెనక. గొర్రెలు ఎవరి కేకకు తలెత్తుతున్నాయి? మట్టయ్య కేకకు. ఇంటి యజమాని మంచం మీద, బావమరిది మంద ముందు. కాలు ఊరికే పోయిందా, పోగొట్టారా? ఇంత దూరం పోయింది అతని బుర్ర.

"వాడు నీకోసం అరిగిపోతుండు, నువ్వు వాని మీద నిప్పులు పోస్తున్నవ్" అంది జంగమ్మ ఒకరోజు, ఉండబట్టలేక.

"నీ తమ్ముడు గదా, నువ్వట్లనే అంటవ్" అన్నాడు బీరయ్య.

ఆ మాటకు జంగమ్మ కుమిలిపోయింది. అయినా ఊరుకోలేదు. కోదాడలో ఒక డాక్టరు ఉన్నాడని, పెద్ద యుద్ధంలో కాళ్లూ చేతులూ తెగిన సిపాయిలకు వైద్యం చేసి వచ్చాడని ఎవరో చెబితే, మొగుణ్ని బతిమాలి, తిట్టి, చివరికి అన్నం మానేస్తానని బెదిరించి బస్సెక్కించింది. మట్టయ్య బావను వీపున మోసి ఎక్కించాడు. వీపు మీద ఉన్నంతసేపూ బీరయ్య ఒళ్లు బిగబట్టుకునే ఉన్నాడు.

డాక్టరు అటుపక్క, ఆంధ్ర మనిషి. మాట మెత్తన. "పాదం నొప్పిగా ఉందంటే నవ్వుతారని భయపడ్డావా? నవ్వను లేవయ్యా. నేను చూసిన సిపాయిలంతా ఇదే చెప్పేవారు" అన్నాడు. బీరయ్యకు మొదటిసారి ప్రాణం లేచివచ్చింది. అంతలో డాక్టరు మొండికాలి చివర వేలితో వెతుకుతూ వెతుకుతూ ఒకచోట నొక్కాడు. బీరయ్య గావుకేక పెట్టాడు. నొక్కింది తొడ దగ్గర, నొప్పి దూకింది లేని చిటికెన వేలిలోకి!

"ఇదిగో, ఇక్కడుంది దొంగ. తెగిన నరం కొసన ముడి పడింది. దాన్ని కదిలిస్తే పాదం ఉన్నట్టే నొప్పి పుడుతుంది" అన్నాడు డాక్టరు. బల్ల మీద నుంచి చిన్న కొయ్యసుత్తి తీశాడు. "ఈ ముడి మీద రోజూ దీంతో మెల్లగా కొట్టాలి. మొదట్లో ప్రాణం పోతుంది. కొట్టగా కొట్టగా నరం మొద్దుబారుతుంది, నొప్పి తగ్గుతుంది. అందరికీ తగ్గుతుందని చెప్పలేను, చాలామందికి తగ్గింది. నీకు నువ్వు కొట్టుకోలేవు, నొప్పి పుట్టగానే చెయ్యి ఆగిపోతుంది. వేరేవాళ్లు కొట్టాలి." అని చుట్టూ చూసి, గట్టి చేతులు కనబడేసరికి ఆ సుత్తిని తీసుకెళ్లి మట్టయ్య చేతిలో పెట్టాడు. పక్కకు పిలిచి ఎట్లా కొట్టాలో చూపించాడు.

బీరయ్య ఆ ఇద్దర్నీ చూశాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుంటున్నారు. కాలు మాయం చేసినోడి చేతికి సుత్తె! నొప్పి ఉన్నచోటే కొట్టాలట! లోకంలో ఎక్కడైనా పుండు మీద కొట్టి మాన్పిన వైద్యం ఉందా?

"నన్ను సంపెతందుకు వచ్చిండ్రా ఇద్దరు కూడి!" అని చంకకర్రలు అందుకుని బయటికి నడిచాడు. జంగమ్మ సుత్తిని కొంగున కట్టుకుని, ఏడుస్తూ వెంట నడిచింది.

ఇంటికి చేరాక బీరయ్య ఒకటే మాట పట్టుకున్నాడు. "తవ్వుదాం పాండ్రి. కాలు ఎల్లదీసి, సక్కగ సాపి, పుట్ట లేని కాడ పూడుద్దాం. అప్పుడు నొప్పి పోకుంటే సుత్తెతోటి కొడ్తరో, రోకలితోటి దంచుతరో మీ ఇష్టం." అక్కడితో ఆగితే బాగుండేది. "ఆడ కాలు దొరకకపోతే మాత్రం మట్టిగాడు ఇగ ఈ గడప తొక్కొద్దు."

జంగమ్మ బియ్యం చేట కింద పెట్టింది. "వాడు దాటిన గడప నేను గూడ దాటుత. సోచాయించుకో" అంది.

బీరయ్య సోచాయించుకోలేదు.

రేగుచెట్టు దగ్గరికి ముగ్గురూ బండిలో వెళ్లారు. మట్టయ్య గడ్డపారతో తవ్వాడు. నేల రాయిలా ఉంది, ఎన్నడూ పార తగిలిన నేల కాదు. అది మంచి గొర్రెల కాపరి అయిన బీరయ్యకు ఒక్క చూపుతోనే తెలిసిపోయింది, అయినా తవ్వించాడు. మట్టయ్య చెమటలు కారుస్తూ, నోరెత్తకుండా, లేదని తెలిసిన దానికోసం తవ్వుతూ పోయాడు. చివరికి గడ్డపార పడేశాడు.

"నేను పూడ్సలే బావా. నాతోటి కాలే. దవాఖానల లంబాడ జైరాం లేడా, మంచాలు మోసేటోడు, వానికిచ్చిన. వాన్నే అడుగు పో."

"ఇచ్చినవా, అమ్ముకున్నవా?" అన్నాడు బీరయ్య. "నా కాలుతోటి నా మీద ఏం చేయించిండ్రురా? అసలు కొయ్యుమన్నదెవరు? నాకు సోయి లేదు గద! కొయ్యుమన్నది నువ్వే గద! మంద మీద కన్నేసి నా కాలు తీయించినవ్!"

నోటి నుంచి వచ్చిన మాట, మళ్లీ లోపలికి పోదు. మట్టయ్య బావ ముఖంలోకి చాలాసేపు చూశాడు. భుజం మీది గొంగడి సర్దుకుని, తన పుట్టూరికని మిర్యాలగూడ బాట పట్టాడు. జంగమ్మ ఎడ్ల పగ్గాలు మొగుడి చేతిలో పెట్టింది. "నువ్వు గెల్సినవ్ తియ్" అని తమ్ముడి వెనక నడిచింది. బీరయ్య ఆమె ఆగుతుందని చూశాడు. ఆమె వెనక్కి కూడా తిరగలేదు.

ఇల్లు బావురుమంది. పోచమ్మ ఇంత గటక కాచి పోసింది. దొడ్లో గొర్రెలు ఒకటే అరుపు. పక్కింటి రామలింగయ్య దయతలచి మేపుకొచ్చాడు. బీరయ్యకు నొప్పి ఎక్కువైంది, చీమలు ఇప్పుడు అయిదు వేళ్లనూ కుడుతున్నాయి. మొండికాలిని ఒళ్లో పెట్టుకునేవాళ్లు లేరు. అయినా చూడండి అతని మొండితనం, "జైరాంగాన్ని పట్టుకుంటే గుట్టంతా బయటపడ్తది. సాక్ష్యం తెచ్చి అక్కాతమ్ముళ్ల మొకాన కొడ్త" అనుకుంటూ సూర్యాపేటకు బండి కట్టించాడు.

జైరాం దవాఖాన వెనక బావి దగ్గర ఉన్నాడు. చంకకర్రల మీద వస్తున్న మనిషిని చూసి ముఖం ఇంత చేసుకున్నాడు.

"అరే, బీరయ్యన్న! బతికి బట్టకట్టినవ్ అన్నా! నీ కాలును మంచిగ సాగనంపినం, ఫికర్ చెయ్యకు."

"ఏడ పూడ్సినవ్?" అన్నాడు బీరయ్య, కళ్లు చిన్నవి చేసి.

"పూడ్సుడేంది అన్నా?" జైరాం ఆశ్చర్యపోయాడు. "మీ బామ్మర్ది ఆ మూట చేతుల పట్టుకొని వణుకుతుండె. బాటల మిలిటరోళ్లు మూటలు ఇప్పి సూస్తుండ్రి. మనిషి కాలు కనబడితే ఊకుంటరా? 'నాతోటి కాదు, జర నువ్వు చెయ్యి భయ్యా' అన్నడు. నేను ఒక్కటే అడిగిన. పెండ్లయిందా అని. అయిందన్నడు. మా తండల పెండ్లిగానోన్ని పూడుస్తం, పెండ్లయినోన్ని కాలుస్తం. మరి పెండ్లయినోని కాలును ఎట్ల పూడుస్త? పాపం గాదా? కట్టెలు పేర్సి, నెయ్యి పోసి, మర్యాదగ కాల్సినం. మా ఇంటామె జమ్లీ ఏడుద్దామా అన్నది. ఏడువొద్దు, మనిషి బతికే ఉన్నడని చెప్పిన."

బీరయ్య బావి గట్టు మీద కూలబడ్డాడు. వాళ్లింట్లో తాతముత్తాతల నుంచి మట్టిలో కలవడమే తప్ప మంటలో కలిసినవాడు లేడు.

"కాల్సిండ్రా?" అన్నాడు.

"తెల్లారి మీ బామ్మర్దికి చెప్తే తలకాయ పట్టుకున్నడు. 'మా ఇండ్లల్ల కాల్వరు భయ్యా, బావకు తెలిస్తే పరేషాన్ అయితడు, పూడ్సిన అనే చెప్త' అన్నడు. మంచి పిలగాడన్నా. కొయ్యకపోతే మనిషి ఖతం అని డాక్టర్ అన్నప్పుడు, కొయ్యుండ్రి అని చెప్పి బయటికొచ్చి గోడకేసి తల కొట్టుకున్నడు. 'నా కాలు కోసి అతికియ్యరాదా' అని అడిగిండు. నేనే పట్టుకొని ఆపిన."

బీరయ్య ఎందుకు అడుగుతున్నాడో తనకే తెలియనట్టు అడిగాడు.

"బూడిద?"

"మూసిల కలిపిన. మూడో దినమే."

"మూడో దినమే" అన్నాడు బీరయ్య. అప్పటికి తాను దవాఖాన మంచం మీదే ఉన్నాడు. నొప్పి ఇంకా మొదలే కాలేదు. కాలు మూసీలో కలిసిపోయిన తర్వాత పుట్టిన నొప్పి ఇది! మరి ఇన్నాళ్లూ వేళ్లు ముడిచింది ఎవరు? బూడిదకు వేళ్లెక్కడివి? పారే నీళ్లలో పుట్ట ఎక్కడిది?

అట్లా అనుకుంటుండగానే చిటికెన వేలిని చీమ కుట్టింది. కసుక్కున కుట్టింది, ఎప్పుడూ కుట్టే చోటే. బీరయ్య చెయ్యి అలవాటుగా కిందికి పోయింది, గాలిలో ఆగింది. అతనికి ఏడుపొచ్చింది. తల్లి పోయినప్పుడు ఏడవనివాడు, కాలు పోయినప్పుడు ఏడవనివాడు, బావి గట్టు మీద జైరాం ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. పాపం, జైరాం తాను కాల్చడం వల్లనే అనుకుని బెంబేలెత్తి, "తప్పయిందా అన్నా?" అని చేతులు పట్టుకున్నాడు.

"నీ తప్పేం లేదు తమ్మీ" అన్నాడు బీరయ్య. ఎవరినైనా అట్లా అనడం అతనికి అదే మొదలు.

మందను రామలింగయ్యకు అప్పజెప్పి, కోదాడ నుంచి వచ్చిన రోజు జంగమ్మ కొంగు విప్పి గూట్లో పడేసిన సుత్తిని వెతికి తీసుకుని, బీరయ్య మిర్యాలగూడ అవతల అత్తగారి ఊరికి పోయాడు. బండి దిగుతుంటే జంగమ్మ చూసింది. కాళ్లకు నీళ్లు తేలేదు. మట్టయ్య పందిరి కింద గొర్రె బొచ్చు కత్తిరిస్తున్నాడు. లేచి నిలబడ్డాడు, అంతే. బావ ఇంకే నింద మోసుకొచ్చాడో అని అతని చూపు. ఆ ఇంట్లో ఇప్పుడు అనుమానం వాళ్ల వంతు అయింది, అది న్యాయమే.

బీరయ్య బండిలో వస్తూ ఎన్నో మాటలు కూడబెట్టుకున్నాడు. అవన్నీ పక్కన పెట్టి, మంచం మీద కూర్చుని మొండికాలి గుడ్డ విప్పాడు. డాక్టరు గదిలో తప్పితే, జంగమ్మకు కాక ఇంటివాళ్లలో మరెవరికీ దాన్ని చూపించలేదు ఇన్నాళ్లూ. ఎర్రగా, ముడతలుగా, పట్టపగలు అందరి ముందూ బయటపడింది. సుత్తిని మట్టయ్య వైపు చాపాడు.

"కొట్టు" అన్నాడు.

"నొస్తది బావా."

"నాకెరికే. కొట్టు. నిన్నన్న మాటలు యాది చేసుకొని కొట్టు."

మట్టయ్య కిందికి కూర్చున్నాడు. ముడి ఎక్కడుందో వేలితో వెతికాడు, డాక్టరు చూపినట్టే. సుత్తి ఆనీ ఆననట్టు ఆనించాడు. బీరయ్య ఒళ్లంతా ఎగిరిపడింది. పడిపోకుండా బావమరిది భుజం పట్టుకున్నాడు. మట్టయ్య చెయ్యి ఆగిపోయింది. అతని కళ్ల నుంచి నీళ్లు బొటబొటా రాలుతున్నాయి.

"ఇంక చీమలు కుడుతున్నయా బావా?" అన్నాడు.

"కుడుతున్నయ్‌రా" అన్నాడు బీరయ్య, భుజం వదలకుండా. "కుట్టనియ్. ఎవ్వలు పెట్టినయ్ గావు, అవి నాయే. నువ్వు కొట్టు."